కావలి నుంచి కందుకూరుకి మెసేజ్ ఏ దారిన పోతుంది?

శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజు నెల్లూరులో మిద్దె ఎక్కి దక్షిణం వైపు చూడనివాళ్లు తక్కువ. నిప్పు గీత పైకి పాకి మబ్బుల్లో కలిసిపోగానే పక్క మిద్దె మీద నుంచి ఎవరో ఒకరు అంటారు: "ఇంక చూడు, మన నెట్ స్పీడే స్పీడు." అది పూర్తిగా గాలిమాట కూడా కాదు. 2022 అక్టోబర్ 23న, మళ్లీ 2023 మార్చి 26న అక్కడి నుంచే ఎల్‌వీఎం3 రాకెట్ వన్‌వెబ్ సంస్థ ఇంటర్నెట్ ఉపగ్రహాలను 36 చొప్పున మోసుకెళ్లింది. అయినా ట్రంకు రోడ్డులో నిలబడి మనం చూసే రీల్‌కీ ఆ ఉపగ్రహాలకీ సంబంధం లేదు. మన నెట్ పైనుంచి దిగదు. రోడ్డు పక్కన తవ్విన కాలువలోంచి, సముద్రం అడుగు నుంచి వస్తుంది.

తీగ కంటికి కనపడదు, సిగ్నల్ గీతలు మాత్రం కనపడతాయి. అందుకే నెట్ గాల్లో ఉంటుందనీ, రీఛార్జ్ చేస్తే ఫోన్లోకి దిగుతుందనీ, డిలీట్ కొడితే పోతుందనీ, తాళం గుర్తు ఉంటే భద్రమనీ అనుకుంటాం. ఇవన్నీ వేరువేరు అపోహల్లా కనిపిస్తాయి కానీ నా ఉద్దేశంలో వీటి వేరు ఒక్కటే. మనం పంపింది ఏ దారిన పోతుందో, మధ్యలో ఎవరెవరి చేతుల్లో పడుతుందో మనకి తెలియదు. ఆ దారి తెలిస్తే సగం చిక్కుముళ్లు వాటంతట అవే విడిపోతాయి.

కావలిలో ఉన్న అక్క కందుకూరులో ఉన్న తమ్ముడికి "బయల్దేరావా?" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టిందనుకుందాం. (కందుకూరు ఏ జిల్లాలో ఉందన్న చర్చ పక్కన పెడదాం, అది ఇంటర్నెట్ కంటే చిక్కు.) ఆ మెసేజ్ అక్క ఫోన్ నుంచి దగ్గర్లోని టవర్ దాకా రేడియో తరంగంగా పోతుంది. గాల్లో పోయేది ఆ కాస్త దూరమే. టవర్ అడుగున ఫైబర్ తీగ ఉంటుంది. లేకపోతే టవర్ మీద గుండ్రంగా డప్పులా కనిపించే పరికరం దాన్ని ఇంకో టవర్‌కి అందిస్తుంది, అక్కడ ఫైబర్ దొరుకుతుంది. ఆ తర్వాత అంతా గాజు తీగలో పరుగెత్తే వెలుతురే. కంపెనీ పెద్ద కేంద్రాలు దాటి వాట్సాప్ నడిపే మెటా సంస్థ సర్వర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి తిరిగొచ్చి, కందుకూరు టవర్ ఎక్కి తమ్ముడి ఫోన్‌లో టింగుమంటుంది. కావలి నుంచి కందుకూరుకి నేరుగా పోయే దారి దానికి లేదు. తమ్ముడి ఫోన్ ఆఫ్‌లో ఉంటే ఆ సర్వర్లోనే కాచుకుని కూర్చుంటుంది, 30 రోజుల దాకా.

దేశం దాటాల్సిన డేటా అయితే ఎక్కువగా సముద్రం దిగాల్సిందే. ఖండాల మధ్య నడిచే డేటాలో 95 శాతానికి పైగా సముద్రగర్భ కేబుళ్ల మీదే నడుస్తుంది. మనకు దగ్గర్లో ఆ కేబుళ్లు ఒడ్డెక్కే చోటు చెన్నై. అక్కడి నుంచి సింగపూర్ వైపు, ఇటు అండమాన్ వైపు తీగలున్నాయి. అండమాన్‌కి వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న మొదలైంది. లోతు సముద్రంలో ఈ కేబుల్ లావు మన పెరట్లో మొక్కలకు నీళ్లు పట్టే పైపు అంతే. లోపల వెంట్రుకంత సన్నని గాజు పోగులు, చుట్టూ రాగి, ప్లాస్టిక్ పొరలు. ఒడ్డు దగ్గరికొచ్చే కొద్దీ ఇనుప తీగల కవచం పెరుగుతుంది, ఎందుకంటే ప్రమాదం అక్కడే. సొరచేపలు కొరికేస్తాయన్న కథ బాగా తిరుగుతుంది కానీ కేబుళ్లు తెగడానికి ముఖ్య కారణాలు ఓడ లంగర్లు, వేట వలలు. 2008 జనవరి చివర ఈజిప్టు తీరంలో కేబుళ్లు తెగినప్పుడు ఇండియాలో నెట్ చాలావరకు నీరసించింది. అయితే అలా తెగిన రోజున కూడా యూట్యూబ్ హాయిగా ఆడి, ఏదో విదేశీ యూనివర్సిటీ సైట్ మాత్రం తెరుచుకోకపోవచ్చు. ఎక్కువమంది చూసే వీడియోల కాపీలను కంపెనీలు మన దేశంలోనే, మన నెట్‌వర్క్ సంస్థల కేంద్రాల్లోనే ముందుగా దాచి ఉంచుతాయి. అందుకే "యూట్యూబ్ వస్తోంది కదా, నెట్ బాగానే ఉంది" అన్న పరీక్ష అన్నిసార్లూ పనిచేయదు.

మరి ఉపగ్రహంతో పని లేదా? ఉంది. తీగ వేయలేని దీవికి, అడవికి, సముద్రంలో ఓడకి అదే దిక్కు. కానీ మామూలు సమాచార ఉపగ్రహం భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన ప్రశ్న పైకెక్కి దిగి, జవాబు మళ్లీ పైకెక్కి దిగేసరికి అర సెకను పోతుంది. గాజులో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి చెన్నై నుంచి సింగపూర్‌కి అంతకంటే ఎన్నో రెట్లు ముందే చేరుతుంది. వన్‌వెబ్ లాంటివి 1,200 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, ఆలస్యం తక్కువ. కానీ అవి కూడా చివరికి నేల మీది కేంద్రంలో దిగి ఫైబర్‌నే పట్టుకోవాలి.

ఇంట్లోకి వద్దాం. రాష్ట్రంలో 2017 డిసెంబర్‌లో ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగారు. ఇప్పుడు ఏ వీధిలో చూసినా స్తంభానికి నల్ల తీగల చుట్టలు వేలాడుతుంటాయి. వాటిలో ఒకటి మన గోడలోంచి వచ్చి మోడెంలో దూరుతుంది. ఫోన్లో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, వీడియో మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో అందరికీ ఇదో పెద్ద వింత. ఆ గుర్తు చెప్పేది ఫోన్‌కీ మోడెంకీ మధ్య సంగతి మాత్రమే. మోడెం నుంచి వీధిలోకి పోయే తీగ బతికి ఉందో లేదో దానికి పట్టదు. ఒకసారి మోడెం మీది దీపాలు చూడండి. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే లోపలికి వెలుతురు రావట్లేదని అర్థం. తీగ ఎక్కడో తెగింది, వంగింది, లేదా వెనక ఊడింది. వెనక పిన్ను సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవచ్చు. అది బాగుంటే మోడెంని పదిసార్లు ఆపి వేసినా ఉపయోగం లేదు. ఫోన్ చేసి "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉందండీ" అని చెబితే అవతలివాళ్లు "రీస్టార్ట్ చేయండి సార్" పాఠం మానేసి లైన్‌మ్యాన్‌ని పంపుతారు. ఎర్ర దీపం లేకుండా నెట్ రాకపోతే మాత్రం రీస్టార్ట్ చేసి చూడాల్సిందే.

వందా అన్నారు, పన్నెండే వస్తోందన్న గొడవ ఒకటుంది. వాళ్లు చెప్పే 100 ఎంబీపీఎస్ బిట్లలో లెక్క, డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు కనిపించేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. పన్నెండు వస్తుంటే ఎవరూ మోసం చేయనట్టే.

ఇప్పుడు అసలు టెన్షన్ పడాల్సిన చోటు. డీఎస్సీ నోటిఫికేషన్ పడినా, కౌన్సెలింగ్ మొదలైనా కనిగిరిలో, పొదిలిలో, ఆత్మకూరులో నెట్ సెంటర్లు కిటకిటలాడతాయి. కాస్త తెలిసిన పిల్లలు అక్కడ ఇన్‌కాగ్నిటో విండో తెరుస్తారు, అది తెరిస్తే ఎవరికీ ఏమీ తెలియదన్న ధీమాతో. ఆ విండో చేసేది చిన్న పని. మూసేశాక ఆ కంప్యూటర్లో చూసిన పేజీల జాబితా, లాగిన్ గుర్తులు మిగలవు. అంతే. నెట్ ఇచ్చే సంస్థకి, తెరిచిన వెబ్‌సైట్‌కి, ఆఫీసు నెట్‌వర్క్ అయితే దాన్ని చూసుకునేవాళ్లకి మనం ఎటు వెళ్లామో తెలుస్తూనే ఉంటుంది. ఈ విషయం మీదే అమెరికాలో 2020లో గూగుల్ మీద కేసు పడింది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నవాళ్ల గురించి పోగుచేసిన రికార్డులను తుడిచేస్తామని 2024లో ఆ సంస్థ రాజీకి వచ్చింది.

నెట్ సెంటర్లో అసలు చిక్కు బ్రౌజర్‌ది కూడా కాదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ది. ఇన్‌కాగ్నిటోలో దింపుకున్న ఫైలు కూడా అందులోనే ఉండిపోతుంది. ఏ సెంటర్లోనైనా ఆ ఫోల్డర్ తెరిస్తే ఊళ్లో సగంమంది అందులో ఉంటారు: ఈ-ఆధార్‌లు, కుల ధ్రువీకరణ పత్రాలు, పాస్‌బుక్ మొదటి పేజీలు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారు. ఆ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. రెండూ పక్కనే ఉన్న టెన్త్ సర్టిఫికెట్ స్కాన్‌లో దొరుకుతాయి. ప్రింట్ తీయించుకోవడానికి షాపు వాట్సాప్ నంబర్‌కి పంపినవైతే ఆ ఫోన్లో ఎంతకాలం ఉంటాయో షాపాయనకే తెలియదు. ఆయన చెడ్డవాడని కాదు, తుడిచే తీరిక ఆయనకి లేదు. పని అయ్యాక ఫైలు డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి లేవడం మన పని. ఆధార్ పూర్తి నంబర్ అవసరం లేని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు. అది ఆధార్ సైట్లోనే దొరుకుతుంది.

తాళం గుర్తు సంగతి ఇంకా పెద్ద చిక్కు. వెబ్ చిరునామా పక్కన తాళం ఉంటే సైట్ అసలైనదని బ్యాంకుల పోస్టర్లే ఏళ్ల తరబడి మనకి నేర్పాయి. నిజానికి అది సీలు వేసిన కవరు లాంటిది. దారిలో ఎవరూ చించి చదవలేదని సీలు చెబుతుంది, కవరు అందుకునేవాడు మంచివాడో దొంగో చెప్పదు. ఆ సీలు ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది, దొంగ సైట్లకి కూడా. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే గూగుల్ 2023లో క్రోమ్‌లో తాళం బొమ్మ తీసేసి వేరే గుర్తు పెట్టింది. చూడాల్సింది చిరునామానే. ఇందులో ఒక మంచి మార్పు వచ్చింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోపు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగిసే చిరునామాలకు మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఆ చిరునామాలు ఇచ్చే అధికారం హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే ఉంది, అది బ్యాంకులకు తప్ప ఇవ్వదు. కాబట్టి తాళం కంటే ఆ తోక నమ్మకమైన గుర్తు.

వాట్సాప్ ఎన్‌క్రిప్షన్ విషయంలోనూ ఇదే పొరపాటు. 2016 నుంచి మెసేజ్‌లో ఏముందో మధ్యలో ఎవరూ, ఆ సంస్థ కూడా, చదవలేని ఏర్పాటు ఉంది. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది మాత్రం దానికి తెలుస్తుంది. ఇక అవతలి నుంచి వచ్చింది మంచిదా చెడ్డదా అన్న పరీక్ష ఆ ఎన్‌క్రిప్షన్ చేయదు. "పీఎం కిసాన్" అనో "ట్రాఫిక్ చలానా" అనో పేరు పెట్టి వచ్చే ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్‌గా ఎక్కేది) భద్రంగా, సీలు కూడా చెదరకుండా మన ఫోన్‌కి చేరుతుంది. ఇన్‌స్టాల్ చేసి, అది అడిగిందని ఎస్‌ఎంఎస్ చదివే అనుమతి ఇచ్చామా, ఆ తర్వాత వచ్చే ఓటీపీలు మనతో పాటు ఇంకొకరూ చదువుతారు. పైగా ఆ ఫైలు తెలిసినవాళ్ల నంబర్ నుంచే వస్తుంది, వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతికి చిక్కి ఉంటుంది కాబట్టి.

"మన ఫోన్ మన మాటలు వింటోంది" అని నమ్మనివాళ్లు నాకు ఈ మధ్య కనపడటం లేదు. ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల రైతు చెప్పిన ఉదాహరణ: టీ కొట్టు దగ్గర ఏరియేటర్ల (చెరువు నీళ్లకి గాలి పట్టించే యంత్రాల) గురించి మాట్లాడుకున్నారు, సాయంత్రానికి ఆయన ఫేస్‌బుక్ నిండా ఏరియేటర్ల ప్రకటనలు. ఆయన ఫోన్లో వాటి గురించి ఏనాడూ వెతకలేదు. వినడం కాక ఇంకేముంటుందంటాడు. ఉంటుంది. ఆయన చెరువు గట్టున రోజుకి ఎన్ని గంటలుంటాడో లొకేషన్ చెబుతుంది. మేత ధరల వీడియోలు, కౌంట్ రేట్ల వీడియోలు చూస్తాడు. టీ కొట్టు దగ్గర ఆయనతో కూర్చున్నవాడు మధ్యాహ్నమే ఏరియేటర్ల రేట్లు వెతికాడు. ఇద్దరి ఫోన్లలో ఒకరి నంబర్ ఒకరికి ఉంది, ఇద్దరూ ఒకే గ్రూపుల్లో ఉన్నారు. ఇలాంటి రైతుకి ఏరియేటర్ ప్రకటన చూపించడానికి మైకు అక్కర్లేదు. అదే రోజు చూపించిన, ఆయనకి పట్టని ఇంకో ముప్ఫై ప్రకటనలు ఎవరికీ గుర్తుండవు.

ఈ అనుమానాన్ని పరీక్షించినవాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలిస్తే, దొంగతనంగా మైకు ఆన్ చేసి మాటలు పంపిన యాప్ ఒక్కటీ దొరకలేదు. కొన్ని యాప్‌లు మాత్రం మనం తెర మీద చేసే పనిని వీడియోగా తీసి మూడో సంస్థకి పంపుతూ దొరికాయి. మైకు గురించి భయపడుతూ దీన్ని ఎవరూ అనుమానించలేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ మైకు వాడినా తెర మూలన పచ్చ చుక్క వెలుగుతుంది. సెట్టింగ్స్‌లో లొకేషన్, కాంటాక్ట్స్ అనుమతులు ఏ యాప్‌లకు ఉన్నాయో ఒక్కసారి చూసుకుంటే, వినకుండానే ఇంత ఎలా తెలిసిందో అర్థమవుతుంది.

క్లౌడ్ అన్న పేరు మబ్బుదే అయినా, అది ఎక్కడో ఒక భవనంలో ఏసీ గాలిలో నడిచే వేరేవాళ్ల కంప్యూటర్. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయ్యాయి కదా అని, చోటు కోసం అదే యాప్‌లో పెళ్లి ఫొటోలన్నీ ఎంచుకుని డిలీట్ కొడతారు. అది ఫోన్లోనూ, ఆ కంప్యూటర్లోనూ రెండు చోట్లా డిలీట్ అవుతుంది. ట్రాష్‌లో 60 రోజులుంటాయి, ఈలోగా తెలుసుకుంటే తిరిగొస్తాయి. ఫోన్లో మాత్రమే చోటు కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' అన్న వేరే మీట ఉంది. దీనికి సరిగ్గా ఎదురు అపోహ వాట్సాప్‌ది. 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొడితే లోకంలోంచే పోయిందనుకుంటారు. దాని గడువు రెండు రోజుల మీద 12 గంటలు. ఈలోగా అవతలివాళ్లు వేరేచోట దాచుకున్న కాపీని, తీసుకున్న స్క్రీన్‌షాట్‌ని అది ముట్టుకోలేదు.

ఎక్కువమంది పంపారంటే నిజమే అయి ఉంటుందన్న నమ్మకం ఎంత దూరం తీసుకెళ్తుందో మన నెల్లూరు జిల్లాకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2021 మే నెలలో కృష్ణపట్నం ఆనందయ్య కరోనా మందు వీడియోలు ఫోన్ నుంచి ఫోన్‌కి పాకి, మే 21న వేలాదిమందిని ఆ ఊరికి చేర్చాయి. కరోనా రెండో అల మధ్యలో, ఒకరి మీద ఒకరు పడేంత గుంపు. మందు సంగతి పరీక్షలు తేల్చాల్సింది. మే 31న ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా వాటికి అనుమతి ఇచ్చింది, హాని కనపడలేదంది, కరోనా తగ్గుతుందని మాత్రం ధ్రువీకరించలేదు. జనం దృష్టిలో పరీక్ష అప్పటికే పది రోజుల ముందు అయిపోయింది. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అది నిజమని చెప్పే ముద్ర కాదు. వాట్సాప్ అలాంటి వాటిని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్కరికే పంపనిస్తోంది, హెచ్చరికగానే. 2021లో ఆ మందు హడావుడి రోజుల్లోనే 5జీ టవర్ల పరీక్షల వల్లే జనం చనిపోతున్నారని ఇంకో మెసేజ్ తిరిగింది. అప్పటికి దేశంలో 5జీ పరీక్షలే మొదలు కాలేదు, సేవలు వచ్చింది 2022 అక్టోబర్‌లో. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

డబ్బు దగ్గరికొస్తే అపోహలు మరీ ఖరీదు. "గూగుల్‌లో కొడితే వచ్చింది" అన్న నంబర్‌కి ఫోన్ చేసి పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. గూగుల్ ఆ పేజీలు రాయదు, ఎవరో రాసినవి చూపిస్తుంది. మొదట వచ్చేది డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన కావచ్చు. మ్యాప్స్‌లో కనిపించే ఫోన్ నంబర్లను మార్చమని ఎవరైనా సూచించవచ్చు. కస్టమర్ కేర్ నంబర్ కార్డు వెనకో, పాస్‌బుక్ మీదో, ఆ సంస్థ సొంత యాప్‌లోనో చూసుకోవాలి. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి పిన్నూ అక్కర్లేదు, స్కానింగూ అక్కర్లేదు. డబ్బు పంపమని ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి రిక్వెస్ట్ పెట్టే పద్ధతినే 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు. వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు వేసుకుని "డిజిటల్ అరెస్ట్ చేశాం, కాల్ కట్ చేయొద్దు" అనేవాళ్ల దగ్గర రిటైరైన మాస్టర్లు, డాక్టర్లు కూడా బోల్తా పడ్డారు. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదు. ప్రధాని కూడా 2024 అక్టోబర్ 27న తన రేడియో కార్యక్రమంలో ఇదే మాట చెప్పారు.

ఇక పోయిన డబ్బు ఎటూ దొరకదన్న చివరి అపోహ. డబ్బుకి కూడా దారి ఉంది, దాని అడుగులు ప్రతి బ్యాంకులోనూ పడతాయి. దొంగలు దాన్ని ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి, అక్కడి నుంచి ఏటీఎంలోకి నడిపిస్తారు. అది ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ వెళ్తే ఆ బ్యాంకు అక్కడికక్కడ ఆపగలుగుతుంది. అందుకే ముందు స్టేషన్‌కి పరుగెత్తడం, ఇంట్లో చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించడం కంటే ఆ ఫోనే మొదటి పని. వాళ్లు అడిగేవి దగ్గర పెట్టుకోండి: ఏ ఖాతా నుంచి పోయింది, ఎంత, ఎన్ని గంటలకు, యాప్‌లో ఆ లావాదేవీ కింద కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబర్. దొంగలతో చేసిన చాట్‌నీ, వాళ్ల ఫోన్ నంబర్‌నీ డిలీట్ చేయకండి. 1930 వాళ్లిచ్చే ఫిర్యాదు నంబర్ రాసుకుని, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరాలు నింపాలి. పోలీస్ స్టేషన్‌కి వెళ్లేటప్పుడు ఆ నంబరే పట్టుకెళ్లాలి.